పడిన చోటు నుంచే పిలవండి

డిసెంబరు 31 రాత్రి చర్చిలో కూర్చుని మీరు తీసుకున్న తీర్మానాలు గుర్తున్నాయా? రోజూ తెల్లవారుజామునే లేచి ప్రార్థన చేసుకోవాలి. ఏడాదిలో బైబిలు పూర్తి చేయాలి. ఇంట్లో కోపం తగ్గించుకోవాలి. రాత్రి పది దాటాక ఫోను ముట్టుకోకూడదు. జనవరిలో ఆదికాండం సాఫీగానే సాగుతుంది. నిర్గమకాండం సగం వరకు ఉత్సాహం ఉంటుంది. ప్రత్యక్ష గుడారం కొలతల దగ్గర నడక మందగిస్తుంది. లేవీయకాండం బలుల వివరాల్లోకి వచ్చేసరికి ఒకరోజు తప్పుతుంది. మర్నాడు రెండు రోజుల భాగం కలిపి చదవాలని కూర్చుంటారు, కుదరదు. వారం గడిచేసరికి బైబిలు తెరవాలంటేనే మొహం చెల్లదు.

మీరు ఎందుకు తప్పారని నేను అడగను. తప్పాక మళ్లీ దేవుని దగ్గరికి రావడానికి మీకు ఎంతకాలం పట్టింది? ఒక పూటా? మూడు రోజులా? నెలా? విశ్వాసుల్లో చాలామందిని దెబ్బతీస్తున్నది తప్పు చేసిన ఆ నిమిషం కాదనీ, తర్వాత దేవునికి దూరంగా గడిపిన రోజులే వాళ్లను ఎక్కువ కుంగదీస్తున్నాయనీ నా నమ్మకం. ఆ రోజుల్లో మనం ఏం చేస్తుంటాం? "ముందు నేను కాస్త దారిలో పడాలి, తర్వాత ప్రార్థనకు కూర్చుంటాను" అనుకుంటాం. ఓ వారం మంచిగా నడుచుకుని, ఆ వారాన్ని చేత్తో పట్టుకుని దేవుని ముందుకు వెళ్లాలని చూస్తాం.

రక్షణ కృప వల్లనే అని సండే స్కూలు నాటి నుంచి నేర్చుకున్నాం. అడిగితే నిద్రలో కూడా చెబుతాం. ఆ తర్వాత ఎదగడం మాత్రం మన పట్టుదల మీద వేసుకున్నాం. గలతీయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంలో పౌలు మండిపడింది దీని మీదనే. ఆత్మతో మొదలైనదాన్ని సొంత శక్తితో ముగిద్దామనుకుంటున్నారా అని ఆయన నిలదీశాడు. గలతీయులది సున్నతి గొడవ, మనది తీర్మానాల గొడవ. లోపలి జబ్బు ఒకటే.

ఎవరి మీద ఆనుకుని బతుకుతున్నామో బాగున్న రోజుల్లో మనకే తెలియదు. పడిన రోజున తెలుస్తుంది. పడగానే ఎటు చూస్తున్నారో గమనించుకోండి.

ఒకే రాత్రి ఇద్దరు శిష్యులు

యూదా, పేతురు ఒకే రాత్రి పడ్డారు. ఇద్దరూ బాధపడ్డారు. యూదా పశ్చాత్తాపం ఉత్తుత్తిది అనడానికి లేదు. మత్తయి 27వ అధ్యాయం చదవండి. తాను చేసింది పాపమని ఒప్పుకున్నాడు, ముప్పై వెండి నాణేలు తిరిగి ఇవ్వబోయాడు. కానీ ఆ ఒప్పుకోలు యాజకుల దగ్గర, ఆ దిద్దుబాటు తన చేతులతో. ప్రభువు దగ్గరికి మాత్రం వెళ్లలేదు. తన తప్పును తానే మోసి, తానే తీర్పు చెప్పుకుని, తానే శిక్ష వేసుకున్నాడు.

పేతురు సంగతి చూడండి. అందరూ వదిలిపోయినా నేను వదలను, చెరకైనా చావుకైనా సిద్ధం అన్నవాడు. ఆ మాట అన్నప్పుడు అతనిలో కపటం లేదు, నిజంగానే అనుకున్నాడు. తెల్లవారేలోగా ముమ్మారు బొంకాడు. అయితే లూకా 22వ అధ్యాయంలో ఒక సంగతి ఉంది, దాని దగ్గర మనం తొందరపడి ముందుకు వెళ్లిపోతుంటాం. పేతురు ఇంకా పడకముందే, ఇంకా బీరాలు పలకకముందే, అతని విశ్వాసం తప్పిపోకుండా తాను ప్రార్థన చేశానని యేసు చెప్పాడు. తిరిగి లేచాక సోదరులను బలపరచమని పని కూడా అప్పగించాడు. పడటం, లేవడం, లేచాక చేయాల్సిన పని, అన్నీ ఆ రాత్రికి ముందే ఆయన చూసి పెట్టాడు.

అందుకే యోహాను 21వ అధ్యాయంలో ఒడ్డున నిలబడింది ప్రభువేనని వినగానే పేతురు ఆగలేదు. పడవ ఒడ్డుకు దాదాపు 200 మూరల దూరంలో ఉంది. వల నిండా చేపలున్నాయి. మిగతావాళ్లు పడవలో నిదానంగా వస్తున్నారు. అతను పైబట్ట కట్టుకుని నీళ్లలోకి దూకేశాడు. బొంకినవాడు సిగ్గుతో వెనక కూర్చోవాలి కదా? పడవలోంచి చివరగా దిగాలి కదా? అతనే ముందు దూకాడు. ఆ సాయంకాలపు ప్రగల్భాలు పలికిన పేతురు కంటే ఈ దూకిన పేతురే ఎదిగిన పేతురు. మీరు ఈ అధ్యాయంలో ఒక్క సంగతే నేర్చుకోగలిగితే, ఆ దూకడం నేర్చుకోండి.

ఇక పనిలోకి దిగుదాం.

1. పడిన నిమిషంలోనే నోరు తెరవండి

ఉదయం ఎనిమిది గంటలు. స్కూలు బస్సు వచ్చే వేళ. పిల్లాడు ఇంకా సాక్సు వెతుకుతున్నాడు. అత్తగారు ఏదో అన్నారు. మీరు పిల్లాడి మీద అరిచారు, వీపు మీద ఒకటి వేశారు. బస్సు వెళ్లిపోయింది. ఇల్లు నిశ్శబ్దమైంది. గంట క్రితమే మీరు ప్రేమ గురించి వాక్యధ్యానం చేసుకున్నారు.

ఇప్పుడు ఏం చేస్తారు? మామూలుగా అయితే రోజంతా లోపల కుమిలిపోతారు. "నాలాంటిది విశ్వాసురాలా?" అనుకుంటారు. సాయంత్రం గృహ కూడికకు తలనొప్పి అని చెప్పి వెళ్లరు. అలా చేయకండి. వంటింట్లో నిలబడిన చోటే, గిన్నెలు తోముతూనే, ఆయనతో మాట్లాడండి. మోకాళ్లూనడానికి, తలమీద ముసుగు వేసుకోవడానికి ఆగనక్కర్లేదు.

ఏం మాట్లాడాలి? చేసినదానికి పేరు పెట్టి చెప్పండి. "ఏదైనా తప్పు చేసి ఉంటే క్షమించు" అనే ప్రార్థనలో తప్పు ఎక్కడుందో మీకే తెలియదు. "ప్రభువా, బిడ్డ మీద చెయ్యి చేసుకున్నాను. అత్తగారి మీద కోపం వాడి మీద తీర్చుకున్నాను" అనండి. క్రీస్తును బట్టి క్షమించమని అడగండి. ఆపైన, వచ్చే ఒక్క గంటకు కావలసిన సాయం అడగండి. యోహాను మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో, ఒప్పుకున్నవాళ్లను క్షమించడం, కడగడం రెండూ దేవుడు తన నమ్మకత్వం మీద వేసుకున్నాడు. మన ఏడుపు ఎంత గట్టిదన్న కొలత అక్కడ లేదు.

సాయంత్రం పిల్లాడు రాగానే "పొద్దున అమ్మ చేసింది తప్పు నాన్నా" అనండి. దేవుని దగ్గర క్షమాపణ దొరికినవాళ్లకే బిడ్డ ముందు తల వంచడం తేలికవుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఒప్పుకున్నదాన్నే పదిసార్లు ఒప్పుకుంటారు. కన్నీళ్లు వచ్చేవరకు, గుండె తేలికపడేవరకు వదలరు. అది కూడా మన మీద మనం ఆనుకోవడమే. క్షమించింది ఆయన, కానీ నమ్మకం నా కన్నీళ్ల మీద! ఒకసారి నిజాయితీగా చెప్పండి, కృతజ్ఞత చెప్పండి, లేచి పనిచూసుకోండి.

2. ఒట్లు మానేసి అడగడం మొదలుపెట్టండి

"ఇంకెప్పుడూ చేయను" అని దేవునితో ఎన్నిసార్లు అన్నారు? ఆ మాట వినడానికి భక్తిగా ఉంటుంది. తరచి చూస్తే అందులో ఉన్నదంతా నేనే. నేను చేయను, నేను మారతాను, నేను చూసుకుంటాను. పేతురు ఒట్టు కూడా ఇలాంటిదే.

మీ తీర్మానాల కాగితం బయటికి తీయండి. ఒక్కో తీర్మానాన్నీ ఒక్కో విన్నపంగా మార్చి రాయండి. అలా రాసేటప్పుడు వేళనూ చోటునూ కూడా చేర్చండి.

"ఈ ఏడాది కోపపడను" అని రాసుకున్నారనుకోండి. దాన్ని కొట్టేసి ఇలా రాయండి: "ప్రభువా, ఆఫీసు నుంచి ఇంటికి వచ్చిన మొదటి అరగంట నాకు చిరాకు. బండి స్టాండు వేసే ముందు నీతో మాట్లాడతాను. ఆ అరగంట నన్ను పట్టుకో."

"చెడు వీడియోలు చూడను" అన్నది ఇలా మారాలి: "ప్రభువా, హాస్టల్లో అందరూ నిద్రపోయాక నేను బలహీనుణ్ని. ఆ వేళకు ఫోను పక్క గది అన్నయ్యకు ఇచ్చే ధైర్యం ఇవ్వు."

"అప్పులు చేయను" అన్నది: "ప్రభువా, బంధువుల పెళ్లిళ్ల ముందు పరువు కోసం చెయ్యి చాస్తున్నాను. ఈసారి ఉన్నదాంట్లో వెళ్లడానికి సిగ్గుపడకుండా చెయ్యి."

తేడా గమనించారా? ఒట్టులో బలహీనతను దాచాలి. విన్నపంలో దాన్ని విప్పి చెప్పాలి. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 12వ అధ్యాయంలో పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. బలహీనత ఉన్నచోటే క్రీస్తు శక్తి వచ్చి నిలుస్తుందని తెలుసుకుని, అప్పటినుంచి ఆ బలహీనతను దాచుకోవడం మానేశాడు.

"మరి నేను ఏమీ చేయక్కర్లేదా?" అని మీరు అడుగుతారని తెలుసు. చేయాలి. ఫోను ఇవ్వాల్సింది మీరే, బండి దగ్గర ఆగాల్సిందీ మీరే. ఫిలిప్పీయుల పత్రిక 2వ అధ్యాయంలో పౌలు భయంతో వణుకుతో శ్రమించమన్నాడు. ఆ వెంటనే, మీలో ఆ కోరికనూ ఆ పనినీ పుట్టిస్తున్నది దేవుడే అన్నాడు. "దేవుడే మారుస్తాడులే" అని చేతులు కట్టుకుని కూర్చున్నవాడు దేవుని మీద ఆనుకున్నట్టు కాదు. అతను తన సుఖం మీద ఆనుకున్నాడు.

3. ప్రార్థననూ ఉపవాసాన్నీ జమాఖర్చుల్లోంచి తీసేయండి

ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థన పూర్తి చేశారు. మర్నాడే ఇంట్లో ఎవరికో జ్వరం, ఉద్యోగంలో ఇబ్బంది. వెంటనే లోపల ఒక మాట లేస్తుంది: "ఇంత చేశానే ప్రభువా!" ఆ మాట లేచిందంటే మన ఉపవాసం ఎక్కడో జమ కింద రాసుకున్నామన్నమాట. లూకా 18వ అధ్యాయంలో పరిసయ్యుడు వారానికి రెండుసార్లు ఉపవాసం ఉండేవాడు, సంపాదనంతటి మీద దశమభాగం ఇచ్చేవాడు. మన సంఘాల్లో అయితే అతణ్ని కమిటీలో పెట్టుకుంటాం. అతను చేసిన పనుల్లో తప్పు లేదు. వాటి మీద నిలబడి ప్రార్థన చేశాడు, అదే తప్పు.

దీనికి జాన్ వెస్లీ జీవితం మంచి సాక్ష్యం. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న రోజుల్లో ఆయనా, తమ్ముడు చార్లెస్, కొందరు స్నేహితులూ కలిసి కఠినమైన నియమాలు పెట్టుకున్నారు. బుధ, శుక్రవారాలు ఉపవాసం. జైల్లో ఖైదీలను చూడటం. గంటగంటకూ ఆత్మపరీక్ష. 1735లో అమెరికాలోని జార్జియాకు మిషనరీగా ఓడెక్కారు. దారిలో తుఫాను వచ్చి సముద్రం ఓడ మీద విరుచుకుపడింది. ఆయన చావుకు భయపడ్డారు. అదే ఓడలో జర్మనీ నుంచి వచ్చిన మొరేవియన్ విశ్వాసులు, ఆడవాళ్లూ పిల్లలతో సహా, ఆపకుండా కీర్తన పాడుతున్నారు. ఇన్ని నియమాలున్న తనకు లేనిది వాళ్లకు ఏదో ఉందని ఆయనకు అర్థమైంది. జార్జియాలో పని విఫలమై, 1738లో ఇంగ్లండుకు తిరిగి వచ్చారు. ఆ ఏడాది మే 24 సాయంత్రం లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలోని ఒక కూడికకు ఇష్టం లేకుండానే వెళ్లారు. రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతుండగా, తన పాపాలను తీసేసింది క్రీస్తేనన్న నిశ్చయం ఆయనకు కలిగింది.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఆ తర్వాతి సంగతి. వెస్లీ నియమాలు వదిలేశారా? లేదు. తెల్లవారుజామున లేవడం మానలేదు, ప్రార్థన మానలేదు. గుర్రం మీద ఊరూరా తిరిగి ప్రకటిస్తూ 1791లో 87 ఏళ్ల వయసులో చనిపోయేవరకు అదే క్రమశిక్షణ. పనులు అవే, వాటి కింది పునాది మారింది. అంతకుముందు దేవుణ్ని సంపాదించుకోవడానికి లేచేవారు. ఆ తర్వాత దొరికిన దేవునితో గడపడానికి లేచారు.

మీ ఇంట్లో దీన్ని ఎలా ఆచరించాలి? చిన్న నియమం చెబుతాను. బైబిలు పఠనంలో రోజులు తప్పితే, తప్పిన అధ్యాయాల బాకీ తీర్చకండి. ఇవాళ్టి భాగం తెరిచి చదవండి. బాకీ తీర్చాలనుకున్నంతకాలం బైబిలు అప్పులవాడి చిట్టాలా కనిపిస్తుంది. ఏడాదికి పూర్తి కాకపోతే రెండేళ్లకు అవుతుంది. నష్టమేమీ లేదు. చదవడానికి ముందు ఒక్క మాట అడగండి: "తండ్రీ, ఇవాళ నాతో మాట్లాడు." చదివాక ఎన్ని అధ్యాయాలు అయ్యాయని లెక్కపెట్టకండి. ఆయన గురించి ఇవాళ ఏం తెలిసిందో ఒక్క వాక్యం నోటు పుస్తకంలో రాసుకోండి.

4. ఎండిపోయానని అనిపించినప్పుడు లోపలికి కాదు, ఆయన వైపు చూడండి

సేవలో ఉన్నవాళ్లకు ఈ భాగం ప్రత్యేకంగా రాస్తున్నాను. యూత్ లీడర్లు, సండే స్కూలు టీచర్లు, పాస్టరమ్మగార్లు, పాటల గుంపులో ముందు నిలబడేవాళ్లు. మీరు ఒక్కసారిగా పడిపోరు, నెమ్మదిగా ఎండిపోతారు. పైకి అంతా బాగుంటుంది. లోపల ప్రార్థన మాటలు బొమ్మలా కదులుతుంటాయి. అప్పుడేం చేస్తారు? "నాలో ఏం లోపం?" అని లోపలికి తవ్వుకుంటూ పోతారు. తవ్వినకొద్దీ లోపాలే బయటపడతాయి.

హడ్సన్ టేలర్ 1865లో చైనా ఇన్‌లాండ్ మిషన్ స్థాపించారు. నాలుగేళ్లు తిరిగేసరికి 37 ఏళ్ల వయసులో ఆయన లోలోపల అలసిపోయారు. మిషన్ బాధ్యత, చికాకులు, తోటివాళ్లతో సహనం కోల్పోవడం. ఇంకా ప్రార్థించాలి, ఇంకా ఉపవాసం ఉండాలి, ఇంకా పట్టుదలగా ఉండాలి అని రోజూ తనను తాను తరుముకునేవారు. ఎంత తరుముకుంటే అంత ఓటమి. విశ్వాసం పెంచుకోవాలని తంటాలు పడితే అది ఇంకా సన్నగిల్లేది. 1869లో తోటి మిషనరీ జాన్ మెకార్తీ రాసిన ఉత్తరం చదివాక ఆయనకు దారి కనిపించింది. విశ్వాసాన్ని పెంచుకోవడం మీద కాకుండా, నమ్మదగినవాడైన క్రీస్తు మీద చూపు నిలిపితే చాలని గ్రహించారు. యోహాను 15వ అధ్యాయంలోని ద్రాక్షావల్లి మాట ఆయనకు కొత్తగా అర్థమైంది. తీగె రసాన్ని తయారు చేయదు. వల్లిలో ఉంటుంది, అంతే. ఆ ఆనందాన్ని ఆ ఏడాది అక్టోబరులో ఇంగ్లండులోని చెల్లెలికి ఉత్తరం రాసి పంచుకున్నారు.

అది కొన్నాళ్ల ఆవేశమేనా? 1870లో ఆయన ఒక కొడుకును, అప్పుడే పుట్టిన మరో బిడ్డను, భార్య మరియాను కోల్పోయారు. దుఃఖం ఆయనను నలిపేసింది. అయినా ఆయన క్రీస్తు దగ్గర నుంచి కదలలేదు, పని వదలలేదు. 1905లో చైనా నేల మీదనే కన్నుమూశారు.

కాబట్టి ఎండిన రోజున ఇలా చేయండి. ఒక సువార్త తెరిచి యేసు ఎవరితోనైనా మాట్లాడిన ఒక ఘట్టం చదవండి. సమరయ స్త్రీ కావచ్చు, జక్కయ్య కావచ్చు, రక్తస్రావం గల స్త్రీ కావచ్చు. ఆ రోజుకు "ఇందులో నేను ఏం నేర్చుకుని బోధించాలి?" అన్న ప్రశ్న పక్కన పెట్టండి. ఆయన ఆ మనిషిని ఎలా చూశాడో చూడండి. మీ ఎండిపోయిన తనాన్ని ఉన్నదున్నట్టు ఆయనకు చెప్పండి. ఆ వారం ఒక బాధ్యత తగ్గించుకోవలసి వస్తే సంఘ పెద్దలతో చెప్పి తగ్గించుకోండి. మీరు లేకపోతే దేవుని పని ఆగిపోతుందన్న భయం, సొంత బలం మీద నమ్మకానికి ఉన్న మరో ముఖం.

5. మనుషులను దేవుని చోట కూర్చోబెట్టకండి

ఇది చెప్పక తప్పదు. మనం సొంత శక్తి మీద ఆనుకోవడం మానేశామనుకుని, కొన్నిసార్లు దైవజనుల మీద ఆనుకుంటున్నాం. ఏ కష్టం వచ్చినా ప్రార్థన చేయించుకోవడానికి ఫోను చేస్తాం. మనం మాత్రం ప్రార్థన చేయం. ప్రార్థించిన నూనె సీసాలు ఇంటికి తెచ్చుకుంటాం, వాక్యం మాత్రం చదవం. కాపరి ప్రార్థన విలువైనదే. ఆయన చేత ప్రార్థన చేయించుకోండి. ఫోను పెట్టేశాక మీరు కూడా రెండు నిమిషాలు కూర్చుని అదే సంగతి మీ తండ్రికి చెప్పండి. ఆయన మీకూ తండ్రే.

ఇంకో ప్రమాదం దీనికంటే పెద్దది. విశ్వాసం పేరుతో షుగరు మందులు, బీపీ మందులు, మానసిక వ్యాధుల మందులు ఆపేసేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి, ఎవరు చెప్పినా చేయకండి. సువార్త రాసిన లూకా వైద్యుడు. కొలొస్సయుల పత్రికలో పౌలు ఆయనను ప్రియమైన వైద్యుడిగా పేర్కొన్నాడు. కడుపు బలహీనంగా ఉన్న తిమోతికి పౌలు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా ఇచ్చాడు, విశ్వాసం తక్కువైందని మందలించలేదు. తాగుడు మానలేకపోతున్న భర్త కోసం మోకాళ్ల మీద పోరాడుతున్న అక్కలకు కూడా ఇదే చెబుతాను. ప్రార్థన చేస్తూనే డీ అడిక్షన్ కేంద్రానికి తీసుకెళ్లండి. చాలాకాలంగా విపరీతంగా తాగుతున్న మనిషి ఉన్నట్టుండి ఒక్కరోజులో ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. కాబట్టి డాక్టరు పర్యవేక్షణ ఉండాలి. దేవుడు డాక్టరు చేతుల ద్వారా చేసే పని కూడా దేవుని పనే.

6. ఫలం కనిపించని ఏళ్లలో

ఎదుగుదల తొందరగా కనపడాలన్న ఆత్రం మనల్ని మళ్లీ సొంత బలం వైపు నెడుతుంది. ఒంగోలు వెళ్లినవాళ్లు ప్రార్థన కొండ పేరు వినే ఉంటారు. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలైంది. పదిహేడేళ్ల తర్వాత కూడా చేతికందిన ఫలం చాలా స్వల్పం. మిషన్ మూసేద్దామా అన్న చర్చ అమెరికాలో నడిచింది. ఆ పరిస్థితిలో 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూవెట్, ఆయన భార్య, కొద్దిమంది స్థానిక విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ఈ ప్రాంతం కోసం ప్రార్థించారు. కొండ దిగేసరికి ఏమీ మారలేదు. మర్నాడూ మారలేదు. అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడింది 1866లో. 1876 నుంచి 78 వరకు ఘోరమైన కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని చూపించారు. తిండి కోసం మతం మారుతున్నారన్న మాట రాకూడదని కరువు సాయం నడుస్తున్నంతకాలం బాప్తిస్మాలు ఆపారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

కొండ మీది ప్రార్థనకూ ఆ రోజుకూ మధ్య ఇరవై నాలుగేళ్లు. ఆ ఏళ్లలో ఎవరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తొందరపడి సంఖ్యలు పెంచుకోవడానికీ చూడలేదు. విత్తినవాడూ నీళ్లు పోసినవాడూ ఉన్నా పెంచింది దేవుడేనని కొరింథీయులకు పౌలు రాసిన మాట మన తెలుగు నేల మీదే కళ్లకు కట్టింది.

మీ కోపం ఇంకా పూర్తిగా పోలేదా? పోయినేడాది అరిచాక ఐదు రోజులు మాట్లాడేవారు కాదు, ఇప్పుడు గంటలో వెళ్లి క్షమించమంటున్నారా? అది ఎదుగుదలే. దాన్ని చిన్నచూపు చూడకండి. దానికి దేవునికి స్తోత్రం చెప్పండి. పక్కింటి సిస్టర్ సాక్ష్యంతో పోల్చుకోకండి. ఆమె పోరాటాలు ఆమె దేవునికి తెలుసు.

7. ఒక్కరికి చెప్పండి

దేవుని మీద ఆనుకోవడమంటే ఒంటరిగా ఆనుకోవడమని ఎందుకు అనుకుంటాం? యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకుని, ఒకరి కోసం ఒకరు ప్రార్థించమన్నాడు. సంఘంలో మనం ఉద్యోగాల కోసం, పెళ్లిళ్ల కోసం, వీసాల కోసం ప్రార్థన విన్నపాలు ఇస్తాం. మన పాపం గురించి మాత్రం ఒక్కరికీ చెప్పం. సాక్ష్యాల్లో కూడా గెలిచిన తర్వాతి కథే చెబుతాం, ఇంకా పోరాడుతున్నది చెప్పం. పడినవాడు పడవ దిగకుండా వెనకే ఉండిపోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఎవరికి చెప్పాలి? నోరు జారనివాళ్లకు. మగవాళ్లు మగవాళ్లతో, ఆడవాళ్లు ఆడవాళ్లతో. మీ కంటే వయసులోనో విశ్వాసంలోనో కాస్త పెద్దవాళ్లయితే మేలు. పెద్ద పరిచయం అక్కర్లేదు. "అన్నయ్యా, నాకొక విషయంలో ప్రార్థన కావాలి, బయటికి చెప్పకండి" అని మొదలుపెట్టండి. మీరు చెప్పేది వేరొకరి మీద జరుగుతున్న హింస అయితే, ముఖ్యంగా పిల్లల విషయమైతే, అది రహస్యంగా ఉంచాల్సింది కాదు. వెంటనే పెద్దలకూ, అవసరమైతే పోలీసులకూ తెలియాలి. మిగతా పోరాటాలకు మాత్రం ఒక నమ్మకమైన చెవి చాలు.

మీ దగ్గరికే ఎవరైనా అలా వస్తే వెంటనే వాక్యాలు చెప్పి సరిచేయకండి. పూర్తిగా వినండి. వాళ్లతోపాటు ప్రార్థన చేయండి. మూడు రోజుల తర్వాత ఫోను చేసి "ఎలా ఉన్నావు?" అని అడగండి.

ఈ అధ్యాయం చదువుతున్నప్పుడు మీ మనసులో ఏదో ఒక సంగతి మెదిలి ఉంటుంది. ఇంతవరకు ఎవరికీ చెప్పనిది. ముందు ప్రభువుకు పేరు పెట్టి చెప్పండి, ఇప్పుడే, ఈ పుస్తకం పక్కన పెట్టి. తర్వాత మీరు నమ్మగల ఒక్క మనిషి పేరు కాగితం మీద రాసుకోండి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్లతో పది నిమిషాలు మాట్లాడాలని ఇవాళే ఫోను చేసి చెప్పండి. ఆ ఆదివారం దాటనివ్వకండి.